జతకలిసిన రెండు వేళ్లు

మా చేనికి పోయే బండిదారి కంప్యూటర్ రికార్డులో లేకుండా పోయింది. పక్క చేనాయన ఆ రికార్డు చూపించి దారికి ముళ్లకంప అడ్డం వేశాడు.

పాత కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే కల్లూరు ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. సరిచూడటం అక్కడొక అమ్మాయి పని. ఆమె బటన్ నొక్కితే, కొత్త రికార్డును, సరైనదని ఉంచుకున్న మరో ఫైలుతో కంప్యూటరే అక్షరం అక్షరం పోల్చేది. తెర మీద ఆకుపచ్చ గీత రాగానే ఆమె తన చూపుడువేళ్లు రెండూ జతచేసి చూపించేది.

"రెండూ ఒకటే తాతా. తేడా యాడా లేదు."

"మరి నా దారి యాడికి పోయిందమ్మా? కంప దాటనీకి మా ఎద్దులకేమన్నా రెక్కలుండాయా?"

ఆమె నవ్వేది. లారీల వెనక రాతలు చూసి చదువు నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ జతవేళ్లు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఐదోసారి మా నాయన దాచిన అసలు కాగితం ఆమె ముందు పరిచాను.

"కంప్యూటర్ వద్దు. నువ్వు చదువమ్మా."

వేలు పెట్టి చదివింది. బండిదారి రాసిన వరుస దగ్గర ఆ వేలు ఆగిపోయింది. రెండో వేలు దాని పక్కకు రాలేదు.

"అసలు కాగితం నేను చూడనే లేదు తాతా. కంప్యూటర్‌లో ఎక్కిందానికే నకలు తీసి, ఇదే సరైనదని పెట్టినా. ఇన్నాళ్లూ దాన్ని దానితోనే పోలుస్తాండా."