ఒక్క ర్యామ్‌తో పదహారు జీబీ

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లుమంట. నందిగామలో కంప్యూటర్లు రిపేరు చేస్తాను. ఏది పాడైనా దానికో కారణం ఉంటుందని నమ్మేవాణ్ణి. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకొకరు చెప్పుంటే ఎగతాళి చేసేవాణ్ణి.

మా అన్నయ్యకి జగ్గయ్యపేటలో ఫోటో స్టూడియో, దాని వెనకే ఇల్లు. చుట్టుపక్కల ఎవరు పోయినా పెద్దకర్మకి ఫ్లెక్సీ ఆయన చెయ్యాల్సిందే. అట్లాంటివాడు గుండెపోటుతో పోతే, ఫ్లెక్సీకి ఆయనది మంచి ఫోటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే కదా. ఆధార్ కార్డులో ఉన్నది ఆయనంటే మేమే నమ్మం.

ఒక్కటి ఉందని వదిన గుర్తు చేసింది. పెనుగంచిప్రోలులో కూతురి ఓణీల ఫంక్షన్‌కి కెమెరాకి టైమర్ పెట్టి, పరిగెత్తుకొచ్చి పక్కన నిలబడ్డాడట. కెమెరాలోని ఆ మెమరీ కార్డుని తర్వాతి పెళ్లికోసం చెరిపేశాడు. ఇక ఆ ఫోటో ఉన్నది స్టూడియో కంప్యూటర్లో, ఫంక్షన్ ఫ్లెక్సీ డిజైన్ ఫైల్లోనే.

తెరవబోతే మెమరీ చాలదంది. లోపల ఎనిమిది జీబీ ర్యాములు రెండున్నాయి, మొత్తం పదహారు. కంప్యూటర్ మాత్రం ఎనిమిదే చూపిస్తోంది. రబ్బరుతో ర్యాముల అంచులు రుద్దాను. స్లాట్లు మార్చాను. సెట్టింగులన్నీ వెతికాను. ఫైల్‌ని నందిగామ తీసుకెళ్లి నా షాపులో పెడితే, పాడైందని వచ్చింది. రేపే పెద్దకర్మ. ఊరందరి కంప్యూటర్లూ బాగుచేసినవాణ్ణి, సొంత అన్నకి ఒక్క ఫోటో బయటికి తియ్యలేకపోతున్నానని ఏడుపొచ్చింది.

స్టూడియోకి తిరిగొచ్చి, మధ్యాహ్నం భోజనాలవేళ అక్కడి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను. పదహారు జీబీ అని చూపించింది. ఫైల్ తెరుచుకుంది. తీరా చూస్తే గ్రూపులో అన్నయ్య లేడు! ఫ్లెక్సీ మీద బంధువులందరికీ చోటు చాలక, విడిగా కత్తిరించి పెట్టిన తన బొమ్మని కనపడకుండా తనే దాచేసుకున్నాడు. దాచిన బొమ్మని ఆన్ చేస్తే, కూతురి పక్కన కనిపించాడు.

ముందు సేవ్ చేసుకోవాలి. కస్టమర్లకి రోజూ నేను చెప్పే మాట అదే. బుద్ధి గడ్డి తిని, "వదినా, అన్నయ్య ఉన్నాడు, రా!" అని లోపలికి కేకేశాను. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చేలోపు కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. ఆన్ చేస్తే మళ్లీ ఎనిమిది.

ఏమైందోనని వంగి చూశాను. రెండో ర్యామ్ లోపల లేదు. పొద్దున ఆఖరిసారి తీసి రుద్ది టేబుల్ మీద పెట్టినదాన్ని మళ్లీ బిగించడం మర్చిపోయాను. మరి ఆ పదహారు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఆ ఫైల్ మళ్లీ తెరుచుకోలేదు. కొత్త ర్యాములు వేసినా ఎనిమిదే చూపిస్తోంది. కంప్యూటర్ తప్పు చూపించి ఉంటుందని తోటివాళ్లు అన్నారు. తప్పు చూపిస్తే అంత ఫైల్ ఎట్లా తెరుచుకుంటుంది? నాకు తెలియదు. పెద్దకర్మకి ఆధార్ ఫోటోనే పెద్దది చేసి కట్టాం.

"నువ్వు చూశావుగా అబ్బాయ్, మీ అన్నయ్య నవ్వుతున్నారా?" అని వదిన ఇప్పటికీ అడుగుతుంది.

నవ్వుతున్నాడనే చెప్తున్నాను. నేను చూసింది కేక వేసినంతసేపే. చొక్కా రంగు గుర్తుంది. మొహం ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు.