ఏ కుండకైనా సరిపోయే మూత

ఎండలు ముదరగానే కొత్త కుండ కొనడానికి బజారుకు వెళతాను. అమ్మే ఆమె వేలి కణుపుతో కుండను కొట్టి, పలుకుతోందా లేదా అని వినిపిస్తుంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నాకు ఎడారి దేశంలో అల్ ఐన్ ఊరి పక్కన ఒక ఇసుక దిబ్బ గుర్తుకొస్తుంది. దాని కింద గొంతుక్కూర్చుని, పాత పెంకును చెవి దగ్గర పెట్టుకుని కొడుతున్న రాజయ్య కాక గుర్తుకొస్తాడు. నలభై ఏళ్లు దాటాయి. ఆయన నాకేం నేర్పాడని అడిగితే తడబడతాను. ఆయనకు నేనేం చేశానని అడిగితే ఇంకా తడబడతాను.

ఎనభైల మొదట్లో మేమిద్దరం మఫ్రఖ్ కూలీల క్యాంపులో ఒకే కంపెనీ మనుషులం. ఆయనది మానేరు ఒడ్డున కుమ్మరి ఇల్లు. దుబాయ్ వచ్చాక (ఆ ఎడారి దేశాలన్నీ మా ఊళ్లలో దుబాయే) రెండేళ్లు కాంక్రీటు మోశాడు. అప్పుడొక విదేశీ డాక్టరమ్మ దిబ్బ తవ్వించడానికి మా కంపెనీ నుంచి మాతో కలిపి ఎనిమిది మందిని అడిగి తీసుకుంది. వైద్యం చేసే డాక్టరు కాదు, పాత ఊళ్లు తవ్వే చదువు. నాకు ఇంటర్ ఇంగ్లీషు ఉంది కనుక చీటీలు రాసే పని పడింది. ఒక పొరలో దొరికిన పెంకులన్నీ ఒకే గంపలో వేయాలి, గంప మీద ఏ పొరో చీటీ ఉండాలి. కింది పొర పాతది, పై పొర కొత్తది. చీటీ పోతే పెంకు వయసు పోయినట్టే. రాజయ్య కాక నన్ను 'చీటీల సారు' అని ఆట పట్టించేవాడు.

ఒకనాడు ఆయన నల్లపూత ఉన్న పెంకు ఒకటి తీసి కొరికాడు.

"ఏం కాకా, ఆకలైతుందా?" అన్నాను.

"ఇది ఈడి మట్టి గాదు సారూ. పంటికింద ఇసుక తగుల్తలేదు. ఆ తళుకు జూడు. ఇది ఏటి ఒండ్రు."

ఆ దేశంలో ఏరే లేదు. నేను నవ్వాను. డాక్టరమ్మకు చెబితే ఆమె మాత్రం నవ్వలేదు. సింధు నది ఊళ్ల నుంచి పడవలో వచ్చిన కుండ అని ఆమెకూ అనుమానం ఉందట. ఏ పొరలో దొరుకుతుందో తేలితే, ఆ నది మనుషులు ఇక్కడికి ఎప్పుడు వచ్చారో తేలుతుంది. అప్పటినుంచి రాజయ్య కాకను పార పట్టనివ్వలేదు. పెంకులు కడిగే పని ఆయనకే ఇచ్చింది. ఆ దేశంలో ఆయన చేతి విద్యను అడిగినవాళ్లు ఆమె ఒక్కతే. మర్నాటి నుంచి ఆయన తల దువ్వుకుని పనికి రావడం నేను చూశాను.

టీ తాగుతూ ఒకసారి, ఆ సింధు వాళ్లు అంతగా ఎట్ల బతికారో అడగమన్నాడు. ఏటా వరద తెచ్చే ఒండ్రు, పంట, కాల్చిన ఇటుక, పడవల వ్యాపారం అని ఆమె చెప్పింది. నేను తెలుగు చేశాను. బడిలో నేను రాసి మార్కులు తెచ్చుకున్నదీ అదే.

"ఒండ్రు మా మానేరు గూడ దెస్తది. మరి మేమెందుకు గట్ల గాలేదు?" అన్నాడాయన. నాలుగు కుండ మూతులు వరసగా పేర్చాడు. "లోపట వేళ్ల గుర్తులు జూడుండ్రి. నలుగురు మనుషులు, నాలుగు చేతులు. మూతి కొలత మాత్రం ఒక్కటే. ఒక్క ఇంట్ల పుట్టినం గని, నేను జేసిన మూత మా తమ్ముని కుండకు పట్టది. వీళ్ల ఏ మూతైనా ఏ కుండకైనా పడ్తది. ఇంతమంది ఒక్క కొలత మీద ఎట్ల నిలబడ్డరు?"

డాక్టరమ్మ దాన్ని పుస్తకంలో రాసుకుంది. నాకు మాత్రం బడిలో నేర్చిన జవాబు కూడా చాలనట్టయింది.

ఆ వారంలోనే అది జరిగింది. కడిగితే చీటీలు తడుస్తాయని నేనే ఐదు గంపల చీటీలూ తీసి రాయి కింద పెట్టాను. గంపలు కలపొద్దని చెప్పడం మరిచాను. మరిచానా, ఆయనకు తెలుసులే అనుకున్నానా, ఇప్పటికీ తేలలేదు. నీళ్ల డ్రమ్ములకు పికప్‌లో వెళ్లొచ్చేసరికి రాజయ్య కాక ఐదు గంపలూ కుమ్మరించి, ఏ పెంకు ఏ కుండదో వేరు చేశాడు. నల్ల కుండ ఒకటి ఇసుకలో నిలబడి ఉంది, పెంకుకు పెంకు అతికి, నిండుగా. కుమ్మరి కళ్లకు అదే సరైన వరస. ఆయన ముఖంలో ఆ సంతోషం నేను మళ్లీ చూడలేదు.

డాక్టరమ్మ వచ్చి కుండను చూసింది, రాయి కింద చీటీలను చూసింది, చేతిలో పుస్తకం మూసేసింది. కుండ దొరికింది, దాని వయసు పోయింది. మా ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, వచ్చి చీటీలు ఎవరు తీశారని హిందీలో అడిగాడు. నేను వంగి రాయి కింది చీటీలు ఏరుకోసాగాను.

"మైనే, సాబ్," అన్నాడు రాజయ్య కాక.

"ఖలాస్," అన్నాడు ముదీర్. అంటే ఆయన మళ్లీ మఫ్రఖ్ వెళ్లి కాంక్రీటు మోయాలి. పికప్ ఎక్కుతూ నాతో, "దాని మూత గూడ ఏ గంపలనో దొరుకుతది. జూడు సారూ," అన్నాడు.

నాలుగు రోజులకు దొరికింది. కలవకుండా మిగిలిన గంపలో, నా చేతి చీటీతోనే, మూడో పొరలో. మూత వయసు తెలిస్తే కుండ వయసూ తెలుస్తుంది, కాకను వెనక్కి పిలుస్తారని పరుగెత్తాను. డాక్టరమ్మ మూతను కుండ మీద పెట్టింది. సరిగ్గా పట్టింది. ఆమె దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "మీ రాజయ్యే చెప్పాడు కదా, వాళ్ల ఏ మూతైనా ఏ కుండకైనా పడుతుందని. ఇది దీనిదేనని ఎలా చెప్పను?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను మూతను గంపలో పెట్టి, చీటీ సరిచేసి, పనిలోకి వెళ్లాను. నన్ను కాపాడాలని ఆయన అలా అన్నాడా, గంపలు కలిపింది తానే కనుక తప్పంతా తనదే అనుకున్నాడా? అడగాల్సింది. మఫ్రఖ్‌లో ఎదురుపడితే తల దించుకున్నాను. ఏడాదికి ఆయన ఊరికి వెళ్లిపోయాడు.

మొన్న కుండ కొన్నాక, అమ్మే ఆమె మూతలు ఒక్కొక్కటే పెట్టి చూసింది. ఏదీ పట్టలేదు. "పళ్లెం బోర్లించుకో సారూ," అంది. కాక పిలిచిన పిలుపే. ఇంటికొచ్చి, కుండ నింపి, స్టీలు పళ్లెం బోర్లించి దాని ముందు కూర్చున్నాను. నలభై ఏళ్లు ఆలస్యంగా, ఎవరూ అడక్కుండానే, పైకే అన్నాను. చీటీలు తీసింది నేను.