రాజు లేచిన పాట

“పెద్దమ్మగారూ, పాట మధ్యలో అలా అరవకూడదండి.”

“అరవద్దంటే నా ముందట నిలబడొద్దు మరి.”

గచ్చిబౌలి హాల్లో నా పక్క కుర్చీలో కూర్చున్న కోస్తా ఆవిడకూ నాకూ జరిగిన చివరి మాటలివి. మనవరాలివి, నువ్వు పాడుతుంటే కళ్లారా చూద్దామని సిరిసిల్ల నుంచి బస్సెక్కి వచ్చాను. మీ ఆఫీసు వాళ్లంతా క్రిస్మస్‌కు పాడిన దేవుడి పాట అది. ‘హల్లెలూయ’ అని మొదలుపెట్టగానే హాలంతా లేచి నిలబడింది. నాకు వీపులే కనబడ్డాయి.

“ఏందమ్మా, గిట్ల లేసిండ్రు?”

“ఎప్పుడో లండన్‌లో ఈ పాటకి రాజుగారు లేచారటండి. అప్పటి నుంచి అందరూ లేస్తారు. అసలు మొదట్లో దేవుడి మాటలు నాటకశాలలో పాడతారా అని అక్కడి పెద్దలు తిట్టారట కూడానండి.”

“రాజుకు కాలు తిమ్మిరెక్కిందేమో! దానికి మీరెందుకు లేసుడు?”

పెనిమిటి పోయినప్పటి నుంచి పెళ్లిళ్లలో నన్ను వెనక్కి జరగమంటారు. ఇక్కడ ఆ మాట కూడా అనలేదు, ముందర గోడ కట్టేశారు. అదీ ఎన్నడో చచ్చిన దొర కోసం, మెడలో కార్డులు వేసుకున్న చదువుకున్నవాళ్లు!

అంతలో పాట టక్కున ఆగింది. అయిపోయిందనుకుని నా బొంగురు గొంతుతో “స్వప్నా, నేనిక్కడున్ననే!” అని అరిచాను. ఆఖరి హల్లెలూయ ఇంకా మిగిలే ఉందట. వీపులన్నీ నా వైపు తిరిగాయి. ఆ సందులోంచి నువ్వు కనబడ్డావు, నవ్వాపుకుంటూ పాడుతున్నావు.

నేను చెప్పింది రాసుకుంట ఇప్పుడూ నవ్వుతున్నవేందే? నేను అరిచిన కాడ ఏం రాసినవో, జర సదివి వినిపియ్యి.