వెండి కీలా, బంగారు కీలా?

గుడివాడలో కళ్లద్దాల షాపు శోభనాద్రి గారికి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ, రెండింట్లో ఒకటి ఎంచుకునే గుణం ఇవ్వడం మాత్రం మర్చిపోయాడు. వస్తువు ఒక్కటే ఉంటే ఆయనంత చురుకైన మనిషి ఉండరు. రెండున్నాయా, ఇక అంతే సంగతులు. "ఇది బాగానే ఉందండీ. అది ఇంకోసారి చూపించండి" అంటారు. అది చూపిస్తే ఇది ఇంకోసారి.

అలాంటి మనిషి ఎంచుకున్న వృత్తి చూడండి! జనం కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి "ఇది క్లియరా, అది క్లియరా?" అని అడగడం. ఎదుటివాళ్లు "రెండోదండీ" అంటే ఊరుకోవచ్చు కదా. ఊరుకోరు. "తొందరపడకండి, మొదటిది ఇంకోసారి చూద్దాం" అంటారు. చూపు కోసం వచ్చినవాళ్లు తలనొప్పి మాత్ర కొనుక్కుని ఇంటికెళ్లేవాళ్లు. అయినా మళ్లీ ఆ షాపుకే వచ్చేవాళ్లు. ఆయన ఇచ్చిన జోడు అంత చక్కగా కుదిరేది మరి.

చేపల దగ్గరా ఇదే వరస. బందరు గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే అంకమ్మ గంప ముందు నిలబడి, కవల పిల్లల్లాంటి రెండు పండుగప్పల్ని తిప్పి తిప్పి చూసేవారు.

"నీకు విసుగు రాదా అంకమ్మా?" అని కళ్యాణ్ ఒకసారి అడిగాడు.

"ఇసుక్కుంటే ఎట్టా బాబూ? ఆయన నిలబడి తేల్చేలోపు ఏందో ఏందోనని జనం మూగుతారు. నా గంప కాళీ అయిపోద్ది" అంది అంకమ్మ. కళ్యాణ్ నవ్వేసి ఆ మాట అక్కడే వదిలేశాడు.

ఈ కళ్యాణ్ ఎవరంటారా? చెరువుల వెంట తిరిగి చేపల మేత అమ్ముకునే కుర్రాడు. శోభనాద్రి గారికి ఓ చిన్న ఆర్కెస్ట్రా ఉండేది. అందులో ఆయన రిథమ్ గిటార్, ఇతను లీడ్ గిటార్. చుట్టరికం లేకపోయినా "మావయ్యా" అని పిలిచేవాడు. గుణం మాత్రం పూర్తిగా ఎదురు. కళ్యాణ్ ఏదైనా చూసీ చూడగానే "ఇదే!" అనేవాడు. ఫోనైనా, చొక్కా అయినా, పెళ్లికూతురైనా "ఇదే!" ఆ మాటే అతని కొంప ముంచింది.

మూడేళ్ల కిందట దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక ఊళ్లో పెళ్లి భోజనాల దగ్గర ప్రోగ్రాం. తీరా వెళ్తే ఒకే వీధిలో రెండు పందిళ్లు. ఒకే టెంట్ హౌస్ వాడివి. అవే నీలం గుడ్డలు, అవే ప్లాస్టిక్ కుర్చీలు, రెండు చోట్లా గారెల వాసన.

శోభనాద్రి గారు వీధి మధ్యలో నిలబడిపోయారు. "ఇదంటావా, అదంటావా? ఆ చివరిదాకా ఇంకోసారి వెళ్లొద్దాం రా."

"నీతో పెట్టుకుంటే సాయంత్రం అయిపోద్ది మావయ్యా. ఇదే!" అని కళ్యాణ్ పందిరి వెనక నుంచి దూరిపోయి, యాంప్ పెట్టి, వైరు గుచ్చి, ఊరు అదిరేలా తీన్‌మార్ దరువు అందుకున్నాడు.

పందిట్లో గారె నోట్లో పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నట్టే ఉండిపోయారు. వడ్డించేవాడి గరిట గాల్లోనే ఆగిపోయింది. సగం దరువులో ఉండగా నున్నటి గుండుతో ఒకాయన వచ్చి, పాపం ఎంతో మర్యాదగా, "బాబూ, ఇవాళ మా నాన్న గారి పెద్దకర్మ" అన్నాడు.

కళ్యాణ్ గిటారుతో సహా వెనక్కి తిరిగాడు. పారిపోదామంటే వైరు కాలికి చుట్టుకుంది. ఈలోపు ఎవడో పుణ్యాత్ముడు వీడియో తీశాడు. అది అవనిగడ్డ దాటి, బందరు దాటి, గుడివాడలో కళ్యాణ్ వాళ్ల అత్తగారి ఫోన్లోకి కూడా చేరింది. ఊళ్లో అతని పేరు 'పెద్దకర్మ కళ్యాణ్' అయిపోయింది. గిటారు అమ్మేశాడు. మళ్లీ తీగ ముట్టుకుంటే ఒట్టు అన్నాడు. "ఇదే" అనడం కూడా మానేశాడు. హోటల్లో ఇడ్లీనా, దోశా అని అడిగినా బిక్కమొహం వేసేవాడు. గిటారు లేకుండా కళ్యాణ్ సగం మనిషైపోయాడన్నది నిజం.

ఈ మధ్య వర్షాలు మొదలయ్యాక ఓ రోజు శోభనాద్రి గారు ఫోన్ చేశారు. "ఒరేయ్, బందరు కోనేరు సెంటర్లో జ్యోతిర్మయి వాయిద్యాల షాపుకి రెండు గిటార్లు వచ్చాయిరా. రా, ఒకటి తేల్చాలి."

"నేను ముట్టుకోను మావయ్యా."

"నిన్నెవడు వాయించమన్నాడు? మోసుకురావడానికి రా."

జ్యోతిర్మయి బల్ల మీద పెట్టిన రెండు గిటార్లనీ చూసి కళ్యాణ్ తల పట్టుకున్నాడు. రెండూ సెమీ హాలో ఎలక్ట్రిక్ గిటార్లు. మధ్యలో కొయ్య దిమ్మ, అటూ ఇటూ బోలు, పైన వయొలిన్‌కి ఉన్నట్టు రెండు వంపు రంధ్రాలు. రెండూ ఒకే ఎరుపు, ఒకే ఆకారం. తేడా అల్లా ఒకదాని ట్యూనింగ్ కీలు వెండి రంగు, రెండోదానివి బంగారు రంగు. ఒకటే అయితేనే బతకొచ్చు, ఇలాంటివి రెండు ఈయన ముందు పెడితే ఈ జన్మకి తెమిలేనా!

శోభనాద్రి గారు వెండిది మీటారు. బంగారుది మీటారు. తల అడ్డంగా ఊపారు. "నేను వాయిస్తూ నేనే వింటే నిజం ఎలా తెలుస్తుంది? జోడు నా కళ్లకి పెట్టుకుని నీ చూపు చెప్పగలనా? నువ్వు ఊరికే మీటు. నేను రోడ్డవతల నుంచి వింటా."

"ఒట్టు పెట్టుకున్నా మావయ్యా!"

"వాయించనని కదరా ఒట్టు? ఇది వాయించడం కాదు, పరీక్ష!"

అంటూనే రోడ్డు దాటేశారు. కళ్యాణ్ ఒక్క తీగ మీటాడు. అవతల చెరుకురసం బండి పక్క నుంచి కేక వినిపించింది. "ఒక్క తీగతో ఏం తెలుస్తుందిరా? బంగారుది ఇంకోసారి!"

అక్కడితో మొదలు. ప్రతి ఆదివారం గుడివాడ నుంచి బందరు బస్సు. ఫ్యాను వేసి ఓసారి, ఆపి ఓసారి. ఎండ కాసినప్పుడు ఓసారి, వాన పడుతుంటే ఓసారి. బోలు గిటారుకి తేమ పడదనీ, తేమ తగిలితే ఏది ముందు మూలుగుతుందో చూడాలనీ! కళ్యాణ్ తిట్టుకున్నాడు, దండం పెట్టాడు. చివరికి ఈయన పీడ వదిలితే చాలని మొత్తం పాటలే వాయించేశాడు. వెండిది వాయిస్తే "అది ఇంకోసారి!" బంగారుది వాయిస్తే "ఇది ఇంకోసారి!" చెరుకురసం తాగేవాళ్లు కూడా రెండు పార్టీలయ్యారు. కళ్యాణ్ వేళ్ల చివర చర్మం మళ్లీ గట్టిపడింది. తిట్టుకునే హడావిడిలో అతను అది గమనించనేలేదు.

"మీకు విసుగు రాదా అండీ?" అని జ్యోతిర్మయిని అడిగితే, ఆవిడ నవ్వి, "శోభనాద్రి గారి సంగతి తెలిసిందే కదండీ" అంది.

దసరా వెళ్లాక శోభనాద్రి గారు కొత్త మెలిక పెట్టారు. "గిటారు సంగతి షాపులో తేలదురా. పందిరి గుడ్డ కింద ధ్వని వేరు. దివిసీమలో ఓణీల ఫంక్షన్ ఉంది, రెండూ పట్టుకు పోదాం."

వ్యాను పులిగడ్డ వంతెన దాటింది, అవనిగడ్డ దాటింది, ఒక వీధి మలుపు తిరిగింది. కళ్యాణ్ సీట్లోంచి లేచిపోయాడు. అదే వీధి! అవే నీలం గుడ్డలు!

"మావయ్యా! ఇదా ఊరు! చంపేశావు కదయ్యా! వ్యాను తిప్పించు!"

"దిగరా, ఈసారి పందిరి ఒక్కటే ఉందిలే" అన్నారు శోభనాద్రి గారు, ఏమీ ఎరగనట్టు.

ఒత్తుగా క్రాపున్న ఒకాయన ఎదురొచ్చి నవ్వుతూ చెయ్యి పట్టుకున్నాడు. గుండు లేకపోయేసరికి కళ్యాణ్ ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక అక్కడే కూలబడబోయాడు. వెనకనే ఒక పెద్దావిడ వచ్చింది. పోయినాయన భార్య, ప్రభావతమ్మ గారు.

"నువ్వేనా బాబూ ఆ రోజు వాయించింది?"

"తప్పైపోయిందమ్మా, క్షమించండి" అని కళ్యాణ్ రెండు చేతులూ జోడించాడు.

"క్షమించడమేంటయ్యా! మా ఆయనకి పాటంటే ప్రాణం. ఆయన పోయాక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ నన్ను ఏడిపించి వెళ్లారు. నువ్వొక్కడివే నవ్వించావు. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారోనని గదిలో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. మనవరాలి ఫంక్షనుకి ఆ అబ్బాయే రావాలని ఎండాకాలంలోనే మీ శోభనాద్రి గారికి చెప్పా. 'వాడు గిటారు వదిలేశాడమ్మా, నాకు కొంచెం టైమివ్వండి' అన్నారు."

కళ్యాణ్ శోభనాద్రి గారి వైపు తిరిగాడు. ఎండాకాలంలోనా? గిటార్లు షాపుకొచ్చింది వర్షాల్లో కదా!

"ఆ రోజు సగంలో ఆపేశావు. మిగతా సగం వాయించు" అంది ఆవిడ, ముందు వరస కుర్చీలో కూర్చుంటూ.

కళ్యాణ్ బంగారు కీల గిటారు తీసుకున్నాడు. ఆ రోజు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచే దరువు అందుకున్నాడు. ప్రభావతమ్మ గారు ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వారు. పందిరంతా లేచి గంతులేసింది. వీడియో తీసేవాళ్లు తీశారు, తియ్యనీ!

మర్నాడు గిటార్లు తిరిగి ఇవ్వడానికి షాపుకెళ్లగానే కళ్యాణ్ జ్యోతిర్మయిని పట్టుకున్నాడు. "నిజం చెప్పండి. ఈయన ఏది తీసుకుంటున్నారు?"

"వెండిదండీ. మిమ్మల్ని తీసుకురాకముందే ఎంచేసుకున్నారు. రెండు నిమిషాలు పట్టలేదు."

"రెండు నిమిషాలా! ఈయనకా!" దివిసీమలో కూడా అంత అదిరిపడలేదు కళ్యాణ్.

"ఆ రోజు నేనూ అలాగే అన్నానండీ. బంగారుది మాత్రం ఎవరికీ ఇవ్వద్దమ్మా, దాని మనిషి వస్తాడు అన్నారు."

కళ్యాణ్ తిరిగి చూశాడు. శోభనాద్రి గారు గోడకి వేలాడుతున్న తబలా సంచుల్ని మహా శ్రద్ధగా పరీక్షిస్తున్నారు. కళ్యాణ్‌కి కళ్లల్లో నీళ్లు తిరగబోయాయి గానీ, ఈలోపే నోట్లోంచి ఎప్పుడో మానేసిన మాట ఊడిపడింది.

"ఇదే!" అని బంగారు కీల గిటారు గుండెలకి హత్తుకున్నాడు. "ఇది నాదే!"

ఇద్దరూ చెరొకటి తగిలించుకుని బస్టాండు వైపు నడిచారు. నాలుగడుగులు వేశాక శోభనాద్రి గారు ఆగి, కళ్యాణ్ భుజం వైపు అనుమానంగా చూశారు.

"ఒరేయ్, నీదే కాస్త తియ్యగా పలుకుతోందేమోరా. ఏదీ, ఇంకోసారి ఇవ్వు."