ఎండిన బోరు పక్కన సముద్రపు పోటు

గత ఏడాది ఫిబ్రవరి, తిరువూరు శివారులో ఒక మామిడి తోట. అక్కడ ఉన్నవి: నేలలో పాతిన మాగ్నెటోమీటరు ఒకటి, బ్యాటరీలు రెండు, ఎండిపోయిన బోరు ఒకటి. ఉన్నవాళ్ళు: తోట యజమాని వెంకటరత్నం గారు, ఆయన భార్య సీతమ్మ గారు, నేను.

మాగ్నెటోమీటరు అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. సముద్రపు ఉప్పునీటిలో కరెంటు పారగలదు. ఆటుపోట్లకు ఆ నీరు భూమి అయస్కాంత క్షేత్రంలో కదిలినప్పుడు సన్నటి కరెంటు పుడుతుంది, దాని చుట్టూ మరో చిన్న క్షేత్రం ఏర్పడుతుంది. భూమి క్షేత్రం ఇక్కడ నలభై వేల నానోటెస్లాలకు పైనే. అందులో పోటు వాటా ఒకటో రెండో. తీరానికి ఇంత దూరంలో అది ఎంత మిగులుతుందో చూడడం నా పని.

సూర్యుడి వల్ల రోజూ వచ్చే హెచ్చుతగ్గుల నుంచి చంద్రుడి పోటును విడదీయాలంటే ఇరవై తొమ్మిది రోజుల వరుస రికార్డు కావాలి. అన్నాళ్ళూ దగ్గర్లో మోటారు తిరగకూడదు, తిరిగితే దాని క్షేత్రంలో పోటు మునిగిపోతుంది. బోరు ఎండింది కాబట్టే ఆ తోటను ఎంచుకున్నాను. ఫారంలో ‘మోటారు లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతోషించాను. నెల రోజులు కొత్త బోరు వేయించనని వెంకటరత్నం గారు సంతకం పెట్టారు. అప్పటికి చెట్లు పూత మీదున్నాయి.

“బందరు సముద్రాన్ని మా తోటలో వెతుకుతున్నావా బాబూ? మా బోర్లో చుక్క లేదు గానీ నీ పెట్టెలో పోటొస్తుందా?” అనేవారు ఆయన రోజూ. నేను నవ్వి బ్యాటరీ మార్చేవాణ్ణి. రానురాను నవ్వే ఓపిక కూడా తగ్గింది.

ఇరవయ్యో రోజు పొద్దున సీతమ్మ గారు కొంగులో రాలిన పిందెలు తెచ్చి నా ముందు పోశారు.

“లెక్కపెట్టు బాబూ. నీకు లెక్కలిష్టం కదా. ఇవి ఒక్క చెట్టువే.”

“ట్యాంకరు తోలిస్తే?”

“మూడు తోలించాం. వేళ్ళదాకా దిగలేదు.”

“రేపు రిగ్గు దొరుకుతుందంట,” అన్నారు వెంకటరత్నం గారు. “తప్పితే మళ్ళీ పదిహేను రోజులు. సంతకం పెట్టా కాబట్టి అడుగుతున్నా. వద్దంటే ఆగుతా.”

రిగ్గు ఉండేది ఒక్కరోజే. కానీ నీళ్ళు పడితే మోటారు రోజూ తిరుగుతుంది. నెల నిండగానే పరికరం వెనక్కి పంపాలి, మరోచోట మొదలుపెట్టే వ్యవధి లేదు. పిందెలు లెక్కపెట్టాను. పరికరం ఆపేసి, “వేయించండి” అన్నాను.

“మరి నీ సముద్రం?” అన్నారు సీతమ్మ గారు.

“అది ఎక్కడికీ పోదండి.”

మర్నాడు మధ్యాహ్నానికి రెండంగుళాల నీళ్ళు పడ్డాయి. నేను పోటును విడదీయలేకపోయాను. ఇప్పుడు ఏ సైటుకు వెళ్ళినా, ‘మోటారు లేదు’ అని టిక్కు పెట్టేముందు ఎందుకు లేదో అడుగుతున్నాను.

వరుస రికార్డు: పంతొమ్మిది రోజులు. పిందెలు: రెండు వందల పద్నాలుగు.