సమాధుల తోటలోకి వచ్చిన నీళ్లు

వసంతం గురించి రాసినవాళ్లెవరూ మార్చి నెలాఖరులో మా కృత్తివెన్ను వైపు వచ్చి ఉండరు. వచ్చి ఉంటే మామిడి చిగురు, కోయిల అంటూ మొదలుపెట్టేవాళ్లు కాదు, ముక్కు మూసుకుని మొదలుపెట్టేవాళ్లు. పొద్దున ఎనిమిదింటి దాకా పొగమంచు, తొమ్మిదయ్యేసరికి వీపు మీద చెమట, మధ్యాహ్నం ఎటునుంచో ఒక వాన, సాయంత్రానికి రోడ్డు పక్కన ఏది కుళ్లాలో అది కుళ్లడం మొదలు. ఇదంతా ఒక్క రోజులోనే. దీన్ని రుతువు అనడానికి నాకు నోరు రాదు.

దానికి తోడు ఈస్టర్. ఈస్టర్ ఎప్పుడూ పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే. మిగతా ఊళ్లకు అది క్యాలెండర్ సంగతి. మాకు మాత్రం సముద్రం పోటు మీద ఉండే రోజులు. పోటప్పుడు డ్రెయిన్ల నీళ్లు సముద్రంలోకి దిగవు సరికదా, ఉప్పునీళ్లే వెనక్కి ఎక్కుతాయి. వాన కూడా పడితే ఊరి మురుగు ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. ఆ ఏడాది గుడ్ ఫ్రైడేకి ముందు రెండు రోజులు ఆగకుండా కురిసింది.

శుక్రవారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. నేను బందరులో రొయ్యల చెరువుల నీళ్లూ మట్టీ పరీక్షించే ఒక ల్యాబులో పనిచేస్తాను. అమ్మ ఊళ్లో తమ్ముడింట్లో ఉంటుంది. నాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్యి. సున్నం తెప్పించి ఉంచాను. మీ నాన్నకిది మొదటి ఈస్టర్. కూలోళ్ల చేత వేయించను, నువ్వే వెయ్యాలి," అంది.

ఈస్టర్ ముందు రోజు మేము సమాధుల తోటకు వెళ్లి గడ్డి పీకి సున్నం వేస్తాం. ఆదివారం తెల్లవారుజామున పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతాం. కొత్త సమాధికి మాత్రం ఏడాది తిరిగేదాకా సిమెంటు కట్టం. మట్టి కుంగాలి, లేకపోతే పైకట్టు పగులుతుంది. కాబట్టి నాన్నది అప్పటికింకా మట్టి దిబ్బే. చుట్టూ ఒక వరస ఇటుకలు, తలవైపు చెక్క సిలువ, అంతే.

శనివారం పొద్దున బస్సు మంచులో లైట్లు వేసుకుని నత్తలా నడిచింది. దిగేసరికి చీర కూడా తడిగా అనిపించింది. సున్నం బకెట్టు పట్టుకుని తోట దగ్గరకు వెళ్లి చూస్తే తోట లేదు. సమాధుల కోసం మా పూర్వీకులకు ఊరు ఇచ్చింది ఊళ్లోకెల్లా పల్లపు నేల చెక్క. అందులో మోకాలి లోతు నల్లటి నీళ్లు. పాత సమాధుల సిమెంటు సిలువలు నీళ్లలోంచి పైకి పొడుచుకుని ఉన్నాయి. నాన్న సిలువ మాత్రం కనపడలేదు.

నీళ్లంటే నీళ్లు కావు. పైన జిగురు తెట్టె, అందులో గుర్రపుడెక్క, చచ్చిన చేపపిల్లలు, థర్మోకోల్ పళ్లేలు, రొయ్యల మందుల ప్యాకెట్లు. కంపు గొంతులోకి దిగింది. అది వాన నీళ్ల కంపు కాదు. రోజూ ల్యాబులో సవాలక్ష వాసనలు పీల్చే ముక్కు నాది, రొయ్యల చెరువు అడుగుబురద వాసన నాకు కొత్త కాదు. తమ్ముడి చెరువు తోట పక్కనే ఉంది. తోటలోకి దిగడానికి వాడి షెడ్డులోంచి రబ్బరు బూట్లు తెచ్చి తొడుక్కున్నాను. ఒట్టి కాళ్లతో ఆ నీళ్లను తాకడం నా వల్ల కాదు.

సిలువ వెతుక్కుంటూ వెళ్తే చివర తూము దగ్గర దొరికింది. తోటలో పడిన వాన ఆ తూములోంచే డ్రెయిన్‌లోకి పోవాలి. తూము నోటికి అడ్డంగా మట్టి నింపిన మేత సంచులు, నాలుగైదు, ఒకదాని మీద ఒకటి బిగించి ఉన్నాయి. వాటికి చిక్కుకుని మా నాన్న సిలువ అడ్డంగా తేలుతోంది. ఒక సంచి లాగాను. నీళ్లు బుడబుడమంటూ కదిలాయి.

"అక్కా, తియ్యకు," అన్నాడు తమ్ముడు గట్టు మీద నుంచి.

"నువ్వా పెట్టింది?"

"నేనే. పోటుకి డ్రెయిన్ నీళ్లు ఇటు ఎక్కితే చెరువులోకి వైరస్ వస్తుంది. ఇంకో పది రోజుల్లో రొయ్యల పట్టుబడి. ఇప్పుడొస్తే మొత్తం పోతుంది."

"మరి ఈ కంపు?"

వాడు గట్టు మీది మోటారు వైపు చెయ్యి చూపించాడు. వానకు చెరువు నిండిందట. అడుగునీళ్లు మోటారు పెట్టి తోడి ఇటు వదిలాడట. "ఎటు వదలమంటావు? వేరే దారి లేదు. పోటు తగ్గగానే తీసేస్తాను. నాన్న ఏమీ అనుకోడులే," అన్నాడు.

నాకు రోత పుట్టింది. నీళ్లను చూసి కాదు, ఆ చివరి మాటకి. అయినా నేనేం చేశానో చెప్పాలి కదా. లాగిన సంచిని మళ్లీ ఎత్తి యథాస్థానంలో పెట్టాను, కాలితో తొక్కి బిగించాను కూడా. సోమవారం నేను బస్సెక్కి బందరు వెళ్లిపోతాను. అమ్మ ఉండాల్సింది వాడింట్లో, తినాల్సింది ఆ చెరువు మీదే. ఇలా లెక్క వేసుకున్నాను. నా మీద నాకు ఇంత రోత ఎప్పుడూ కలగలేదు.

సిలువ తీసుకెళ్లి నాన్న దిబ్బ ఉండాల్సిన చోట గుచ్చాను. చేత్తోనో కాలితోనో తడిమి ఉంటే ఇటుకలు తగిలేవి. తడమలేదు. ఆ నీళ్లలో చెయ్యి పెట్టలేక, పక్క సమాధుల వరస చూసుకుని అందాజుగా గుచ్చి, నీటి పైన కనిపించినంత మేర సున్నం పూసి వచ్చేశాను.

"నీళ్లు ఎందుకు నిలిచాయే?" అని అడిగింది అమ్మ ఇంటికి వెళ్లగానే.

"పోటమ్మా," అన్నాను.

ఆదివారం తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా ఉందంటే, కొవ్వొత్తులు కనపడుతున్నాయి కానీ పట్టుకున్నవాళ్లు కనపడలేదు. ఎవరూ నీళ్లలోకి దిగలేదు. పాస్టరుగారు రోడ్డు మీదే నిలబడి ప్రార్థన చేశారు. తలా ఒక కొవ్వొత్తి రోడ్డు అంచున మట్టిలో గుచ్చి, ముక్కులకు చీర చెంగులూ కర్చీఫులూ అడ్డం పెట్టుకుని పునరుత్థానం పాట పాడారు. నేనూ పాడాను. నోరు తెరిచినప్పుడల్లా ఆ కంపే లోపలికి వెళ్లింది.

పాట మధ్యలో, మంచు కాస్త పలచబడగానే, అమ్మ చెప్పులు విప్పి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"అందులోకి దిగకమ్మా. ఒట్టి మురుగు, పురుగులుంటాయి. కాళ్లకి పుండ్లు పడతాయి."

"మీ నాన్న అందులోనే ఉన్నాడు కదరా," అంది అమ్మ.

వాడు చెయ్యి వదిలేశాడు. అమ్మ కొవ్వొత్తి పట్టుకుని నీళ్లలో మెల్లగా నడిచింది. నేను సున్నం పూసిన సిలువ దగ్గర ఆగలేదు, దాన్ని దాటి వెళ్లింది. కాళ్లతో నేలను తడుముకుంటూ ఇంకో ఆరేడు అడుగులు వేసి ఒకచోట ఆగింది. పాదాలు అటూ ఇటూ జరిపి చూసుకుని, అక్కడ నిలబడింది. ఇటుకలు తగిలి ఉంటాయి. పాట అయిపోయాక కూడా చాలాసేపు అక్కడే ఉంది. తిరిగి వస్తూ నేను గుచ్చిన సిలువను పీకి, తీసుకెళ్లి సరైన చోట పెట్టి వచ్చింది. రోడ్డెక్కే ముందు తూముకు అడ్డంగా ఉన్న సంచుల వైపు ఒకసారి చూసింది.

మధ్యాహ్నం పండగ భోజనం. మరదలు కోడికూరతో పాటు రొయ్యల వేపుడు చేసింది. సైజు చూద్దామని ముందు రోజు చెరువులో వల వేస్తే పడినవట. నాకు ఇష్టమని ముందు నాకే వడ్డించింది. అల్లం, కారం బాగా పట్టాయి. బాగుందని చెప్పాను, మళ్లీ వేయించుకున్నాను.

అమ్మ తన పళ్లెంలో వేసిన రొయ్యలను ఒక్కొక్కటిగా తీసి అంచున పెట్టి, అన్నంలో మజ్జిగ పోసుకుంది. "తినవేమ్మా?" అన్నాడు తమ్ముడు. "మీరు తినండి," అంది. వాడి వంక చూడలేదు, నా పళ్లెం వంక చూసింది. అప్పటికి అందులో తోకలు తప్ప ఏమీ మిగల్లేదు.