నాయన ఎక్కలేని లిఫ్టు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. బండి ఎంత ఎత్తుంటే మనిషికి అంత మర్యాద అనేది ఒకటి, మెకానిక్ చెప్పేదాంట్లో సగం వినక్కర్లేదనేది రెండోది. కొత్తగా ఉద్యోగం రాగానే పాత జీపు కొని, జానెడు పైకి లేపించి (దీన్నే 'లిఫ్ట్' అంటారు), పెద్ద టైర్లు వేయించాను. "ఇంత లేపితె స్టీరింగ్ రాడ్ ఏటవాలైతది, గుంతల పడ్డప్పుడు చక్రాన్ని గుంజుతది. రాడ్‌ని పట్టుకునే ఆర్మ్ కిందికి వంగింది ఏస్తెనే రాడ్ సాపుగుంటది" అని మెకానిక్ ఉస్తాద్ మొత్తుకున్నాడు. అది తర్వాత చూద్దామని ముందు లైట్లు పెట్టించుకున్నాను. (లైట్లు పదిమందికీ కనిపిస్తాయి. జీపు కింది ఆర్మ్ ఎవరికి కనిపిస్తుంది?)

కాశిబుగ్గలో మగ్గం నేసే మా నాయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "లిఫ్ట్ అంటె మనిషిని ఎక్కించుకునుడు గద బిడ్డా, ఇదేంది ఎక్కనిస్తలేదు?" అన్నాడు. ఎలాగైనా ఆయన్ని అందులో ఊరేగించాలని నా పంతం. ధర్మసాగర్‌లో మేనత్త ఇంటికి పోదామని వారం రోజులు వెంటపడితే, ఒక ఆదివారం చంకలో పీటతో వచ్చి, దాని మీద కాలు పెట్టి ఎక్కాడు. ఊరు దాటాక స్పీడ్ బ్రేకర్ మీద జీపు ఎగిరిపడగానే స్టీరింగ్ నా చేతుల్లో దానంతటదే తిరిగింది. జీపు వరి మడి వైపు పరుగెత్తి, నేను బ్రేకు మీద నిలబడినంత పని చేస్తే గట్టు మీద ఆగింది. పక్కకు చూస్తే నాయన పీట లేకుండానే కిందికి దూకేసి ఉన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనకేమైనా అయ్యుంటే అన్న భయంతో జీపు దిగి ఆయన దగ్గరికి పరుగెత్తాను.

నాయన తిట్టలేదు. గొంతుక్కూర్చుని జీపు కిందికి చూసి, వాలిపోయిన రాడ్‌ని వేలితో చూపించాడు.

"పడుగు సాపుగ లేకుంటె బట్ట సక్కగొస్తదార?"

ఆ రోజే జీపును లాగించుకుపోయి ఉస్తాద్ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను. ఆర్మ్ మారింది, రాడ్ తిన్నగా అయింది, చక్రాల వరస కూడా కుదిరింది. ('నేన్ జెప్పలే' అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.) తర్వాత అదే స్పీడ్ బ్రేకర్‌ని ఒక్కణ్నే మొదట నెమ్మదిగా, ఆపైన కాస్త వేగంగా దాటి చూశాను. స్టీరింగ్ కదలలేదు. మరుసటి ఆదివారం నాయన ముందు కిందికి వంగి చూసుకుని, ఆ తర్వాతే పీట వేసుకున్నాడు.

ఇప్పుడు నాది నేలకు ఆనినట్టుండే చిన్న కారు. జానెడు ఎత్తు కోసం తండ్రి ప్రాణం మీదికి తెచ్చిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. నాయన మాత్రం ఇప్పటికీ కారెక్కే ముందు నడుం పట్టుకుని కిందికి వంగుతాడు. అక్కడ ఆయనకేమీ కనిపించదని ఇద్దరికీ తెలుసు. "సాపుగనే ఉన్నది, పోనియ్" అంటాడు. ఆ మాట అనేదాకా నేను బండి కదిలించను.